పగడాల తొట్టెలో క్షారత: చెరువు లెక్క ఇంట్లో ఎందుకు తప్పుతోంది

క్లుప్తంగా: పగడాల అక్వేరియంలో క్షారత, అంటే ఆల్కలినిటీ, ఒకసారి సరిదిద్ది వదిలేసే అంకె కాదు. పగడాలు దాన్ని రోజూ ఖర్చు పెడతాయి, అంతే మొత్తం రోజూ తిరిగి చేరాలి. గోదావరి డెల్టాలో ఎండ, ముసురు, మూసిన ఏసీ గదులు, కాలువ నీరు ఈ జమాఖర్చును నెలనెలా మారుస్తుంటాయి. చెరువులో పనిచేసే పద్ధతిని యథాతథంగా గాజు తొట్టెకు తెస్తే ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే.

భీమవరం, నరసాపురం, అమలాపురం, కాకినాడ పరిసరాల్లో ఆల్కలినిటీ అన్న మాట రసాయనశాస్త్ర పుస్తకంలోది కాదు. వనామీ రొయ్యల సాగు చేసే ఇంట్లో అది పాల లెక్కంత మామూలు మాట. ఆక్వా ల్యాబ్ ఇచ్చే చీటీలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు, మొత్తం ఆల్కలినిటీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. అంకె తగ్గితే సోడా బైకార్బ్, అంటే వంటసోడా, బస్తాలు దిగుతాయి. అలాంటి ఇళ్లలోనే సముద్రపు చేపలు, పగడాలు పెట్టిన అక్వేరియం చేరినప్పుడు యజమానికి ఒక చిక్కు ఎదురవుతుంది. చెరువులో 150 పీపీఎం (పది లక్షల పాళ్లలో 150 పాళ్లు) ఉంటే వారాల తరబడి పెద్దగా కదలదు. తొట్టెలో సోమవారం 150 ఉన్నది శుక్రవారానికి 120కి దిగుతుంది. సోడా వేస్తే ఎగబాకుతుంది, మళ్లీ జారుతుంది. కొమ్మ పగడాల చివర్లు తెల్లబడటం మొదలవుతుంది. పరీక్ష కిట్ పాడైందనో, ఉప్పు నాసిరకమనో అనుమానం వస్తుంది. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి, లెక్క వేసిన తీరే వేరు.

ఒకే కొలత, మూడు పేర్లు

నీటిలో ఆమ్లం చుక్కచుక్కగా పోస్తూ వెళితే ఆ నీరు ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదో చెప్పేదే క్షారత. సముద్రపు నీటిలో ఈ శక్తిలో సింహభాగం బైకార్బొనేట్, కార్బొనేట్ అయాన్లది. బోరేట్ వాటా కొద్దిగా ఉంటుంది.

గందరగోళం మొదట ప్రమాణాల దగ్గరే పుడుతుంది. ఆక్వా ల్యాబ్ కాల్షియం కార్బొనేట్ లెక్కన పీపీఎంలో చెబుతుంది. అక్వేరియం కిట్లు జర్మన్ డిగ్రీల్లో, అంటే డీకేహెచ్‌లో చూపిస్తాయి. శాస్త్ర పత్రాలు మిల్లీ ఈక్వివలెంట్లలో రాస్తాయి. ఒక మిల్లీ ఈక్వివలెంట్ 50 పీపీఎంకు, 2.8 డిగ్రీలకు సమానం. ఒక డిగ్రీ అంటే సుమారు 17.9 పీపీఎం. సహజ సముద్రపు నీటి క్షారత లీటరుకు 2.3 మిల్లీ ఈక్వివలెంట్ల దగ్గర ఉంటుంది. అది 115 పీపీఎం, లేదా ఆరున్నర డిగ్రీలు. పగడాల తొట్టెల్లో సాధారణంగా 7 నుంచి 11 డిగ్రీల మధ్య, అంటే 125 నుంచి 196 పీపీఎం మధ్య ఏదో ఒక చోట నిలుపుతారు. ఏ చోట అన్నది అంత ముఖ్యం కాదు. 8 దగ్గర కదలకుండా ఉన్న తొట్టె, 7కీ 10కీ మధ్య ఊగే తొట్టె కంటే మేలు. ఆ రెండో దాని సగటు పుస్తకంలో రాసిన ఆదర్శపు అంకెకు సరిగ్గా సరిపోయినా అంతే.

పగడం ఒక తిరగేసిన సున్నపు బట్టీ

ఈ క్షారత ఎక్కడికి పోతోందో తెలియడానికి గుల్ల సున్నం ఉదాహరణ చాలు. గుల్లలను బట్టీలో కాలిస్తే కాల్షియం కార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు చల్లితే అది నీరు సున్నం అవుతుంది. గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. గుల్ల, గోడ రెండూ చివరికి ఒకే పదార్థం.

పగడం కట్టుకునే అస్థిపంజరమూ అదే పదార్థం, అరగొనైట్ అనే స్ఫటిక రూపంలో. అయితే పగడానికి మంట అక్కర్లేదు. నీటిలోని ఒక కాల్షియం అయాన్‌ను, రెండు బైకార్బొనేట్లను కలిపి ఒక అణువు కాల్షియం కార్బొనేట్ కడుతుంది, ఒక కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పింక్ రంగులో రాళ్లను కప్పే కొరలైన్ నాచు, నత్తలు, గవ్వలు కూడా ఇదే పని చిన్న మోతాదులో చేస్తాయి.

ఈ సమీకరణంలోని నిష్పత్తి స్థిరమైనది. క్షారత ఒక డిగ్రీ ఖర్చయితే కాల్షియం సుమారు 7 పీపీఎం ఖర్చవుతుంది. నీటిలో కాల్షియం నిల్వ 400 పీపీఎం పైన ఉంటుంది కాబట్టి 7 తగ్గినా తెలియదు. క్షారత నిల్వ మాత్రం 8 డిగ్రీలే. అందులో ఒకటి పోతే ఎనిమిదో వంతు పోయినట్టు. కాల్షియం ధాన్యపు గాదె అయితే క్షారత వంటింటి బియ్యపు డబ్బా. రోజూ చూడాల్సింది డబ్బానే.

పగడాల ప్రమేయం లేకుండా కూడా క్షారత తగ్గుతుంది. చేపలకు వేసిన మేత చివరికి నైట్రేట్‌గా మారే క్రమంలో ఆమ్లం పుడుతుంది. తొట్టెలో నైట్రేట్ 50 పీపీఎం పేరుకుంటే ఆ దారిలో సుమారు 2.3 డిగ్రీల క్షారత కరిగిపోతుంది. నైట్రేట్‌ను బాక్టీరియా మళ్లీ నైట్రోజన్ వాయువుగా మారిస్తే పోయినది తిరిగి వస్తుంది. కొత్త తొట్టెలో పగడాలే లేకపోయినా అంకె దిగుతోందంటే కారణం ఎక్కువగా ఇదే.

చెరువుకు ఉన్నది, తొట్టెకు లేనిది

రొయ్య కూడా కుబుసం విడిచాక కొత్త పెంకుకు కాల్షియం తీసుకుంటుంది. అందుకే అమావాస్య, పౌర్ణమి ముందు మినరల్స్ చల్లడం డెల్టాలో అలవాటు. కానీ రొయ్య పెంకులో కైటిన్ అనే సేంద్రియ పదార్థం గణనీయంగా ఉంటుంది. పగడపు అస్థిపంజరం దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే. పైగా చెరువుకు అడుగున మట్టి ఉంది. చల్లిన డోలమైట్, సున్నపురాయి పొడి ఆ మట్టిలోని ఆమ్లానికి, కార్బన్ డయాక్సైడ్‌కు నెమ్మదిగా కరుగుతూ క్షారతను వెనక నుంచి నింపుతుంటాయి.

తొట్టె అడుగున పగడపు ఇసుక పోస్తే అదే పని జరుగుతుందన్నది బాగా నాటుకున్న అపోహ. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 8 పైన ఉన్న సముద్రపు నీరు అప్పటికే కాల్షియం కార్బొనేట్‌తో అతిసంతృప్తమై ఉంటుంది. అలాంటి నీటిలో ఇసుక కరగదు. కరగాలంటే పీహెచ్ బాగా దిగాలి. ఒక మూసిన గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ పంపి, పగడపు ముక్కలను కరిగించి ఆ నీటిని తొట్టెలోకి వదిలే కాల్షియం రియాక్టర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. పెద్ద తొట్టెలకు తప్ప అంత సరంజామా అవసరం పడదు.

పరిమాణంలో తేడా ఇంకా ముఖ్యం. ఎకరం చెరువులో 1.2 మీటర్ల లోతు నీరుంటే అది సుమారు 48.5 లక్షల లీటర్లు. అందులో క్షారతను 10 పీపీఎం పెంచాలంటే దాదాపు 80 కిలోల సోడా బైకార్బ్ కావాలి. ఒక కిలో అటూ ఇటూ అయితే పట్టించుకునేవారుండరు. అదే 10 పీపీఎం 200 లీటర్ల నీటిలో పెంచడానికి కావలసింది మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే, టీస్పూను నిండా కూడా రాదు. ఐదు గ్రాములు తలగొట్టి వేస్తే దాదాపు 0.8 డిగ్రీ ఒక్కసారిగా లేస్తుంది. రోజుకు అర డిగ్రీ, మహా అయితే ఒక డిగ్రీ మించి మార్చకూడదన్న జాగ్రత్త ఆ ఒక్క స్పూనుతోనే గట్టు దాకా వస్తుంది. బస్తాలు ఎత్తిన చేతికి గ్రాముల త్రాసు అలవాటు కావడమే ఇక్కడ అసలు కష్టం.

పీహెచ్ చూసి సోడా వేయడం

ఉదయం పీహెచ్ 7.8, మధ్యాహ్నం 8.3 వంటి ఊగిసలాట చెరువు రైతుకు కొత్త కాదు. పగలు వెలుగులో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను తీసేస్తుంది, రాత్రి అందరూ దాన్ని వదులుతారు. తొట్టెలోనూ ఇదే జరుగుతుంది. మెలిక ఎక్కడంటే, కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిసినా, నీటి నుంచి పోయినా పీహెచ్ మారుతుంది గానీ క్షారత మారదు. రెండూ ఒకటేనన్న భావన డెల్టా వేసవిలో తొట్టెలను ఎక్కువగా దెబ్బతీస్తోంది.

కోనసీమ మండువా లోగిలిలో గాలికి అడ్డు లేదు. ఇప్పటి ఇళ్లలో అక్వేరియం ఉండేది తలుపులు, కిటికీలు బిగించిన ఏసీ గదిలో. మే నెలలో ఆ గది రోజంతా మూసే ఉంటుంది. నలుగురు పడుకున్న గదిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలితో పోలిస్తే రెట్టింపు దాటడం సులభం. గాలిలో అది రెట్టింపయితే, ఆ గాలితో సమతౌల్యానికి వచ్చిన నీటి పీహెచ్ దాదాపు 0.3 మేర తగ్గుతుంది. మీటరు 7.8 చూపిస్తుంది. యజమాని సోడా వేస్తాడు. పీహెచ్ కాసేపు లేచి, గది గాలికి తగ్గట్టు మళ్లీ దిగుతుంది. వేసిన సోడా మాత్రం క్షారత రూపంలో నీటిలోనే ఉండిపోతుంది. మూడు రోజులు ఇలా సాగితే పీహెచ్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది, క్షారత 8 నుంచి 11కు చేరుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ బాగా తక్కువగా ఉన్న తొట్టెల్లో ఇలా పెరిగిన క్షారతకే కొమ్మ పగడాల చివర్లు కాలినట్టు తెల్లబడతాయని పెంపకందారుల అనుభవం.

ఈ సమస్యకు మందు సోడా డబ్బాలో లేదు. ఉదయం ఒక గంట కిటికీ తెరవడం, నురుగు తీసే స్కిమ్మర్‌కు గాలి గొట్టాన్ని బయటి నుంచి లాగడం ఎక్కువ పనిచేస్తాయి. కారణం గదా, నీరా అని తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఒక గ్లాసు తొట్టె నీటిని ఆరుబయట గంటసేపు గాలి రాయితో బుడగలు పెట్టి పీహెచ్ చూడాలి. అది లేస్తే తప్పు గది గాలిది.

రెండు సోడాలు, వాటి జోడీ

వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్. రెండూ క్షారతను పెంచుతాయి, కానీ ఒకే తీరులో కాదు. 100 లీటర్లలో ఒక డిగ్రీ పెంచడానికి వంటసోడా 3 గ్రాములు, బట్టల సోడా అయితే 1.9 గ్రాములు కావాలి. వంటసోడా వేసిన వెంటనే పీహెచ్ స్వల్పంగా దిగుతుంది, బట్టల సోడా వేస్తే పైకి లేస్తుంది. ఏసీ గదిలోని తొట్టెకు రెండోది, గాలి బాగా ఆడే వరండా తొట్టెకు మొదటిది నప్పుతాయి. బజారులో బట్టల కోసం అమ్మే పొడిలో సబ్బు, సువాసనలు కలిసి ఉండవచ్చు కాబట్టి దాని జోలికి పోకూడదు. శుద్ధమైన వంటసోడాను పెనం మీదో, ఓవెన్‌లోనో బాగా వేడిచేస్తే నీరు, కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బొనేటే మిగులుతుంది. బరువు 37 శాతం తగ్గితే మార్పు పూర్తయినట్టు. ఇక బేకింగ్ పౌడర్ వంటసోడా కాదు. అందులో ఆమ్ల లవణాలు, పిండి ఉంటాయి, తొట్టెకు అది పనికిరాదు.

సోడా ఒక్కటే వేస్తూ పోతే ఏమవుతుందో లెక్క చూడవచ్చు. రోజుకు అర డిగ్రీ ఖర్చు చేసే తొట్టెలో నెలకు 15 డిగ్రీల క్షారత, దానితోపాటు సుమారు 107 పీపీఎం కాల్షియం పోతాయి. సోడా క్షారతను నింపుతుంది. కాల్షియం 420 నుంచి 313కు దిగిపోతుంది. అందుకే కాల్షియం క్లోరైడ్ ద్రావణం జోడీగా ఉండాలి. రెండింటినీ ఒకేచోట, ఒకే సమయంలో పోయకూడదు. పోస్తే పాలు విరిగినట్టు తెల్లటి కాల్షియం కార్బొనేట్ అక్కడికక్కడే ముద్దకడుతుంది. పగడానికి అందాల్సింది పంపుల మీద చెక్కుగా పేరుకుంటుంది. నీటిలో మెగ్నీషియం 1,300 పీపీఎం దగ్గర ఉంటే ఇలా ముద్దకట్టే వేగం తగ్గుతుంది, ఆ స్ఫటికాల పెరుగుదలకు మెగ్నీషియం అడ్డుపడుతుంది కాబట్టి. ఎంత సోడా వేసినా క్షారత నిలవని తొట్టెలో ముందు మెగ్నీషియం కొలవమనేది అందుకే. మరో చిన్న విషయం: సోడా, కాల్షియం క్లోరైడ్ కలిసి పనిచేశాక మిగిలేది మామూలు ఉప్పు. నెలలు గడిచేకొద్దీ లవణీయత నెమ్మదిగా పెరుగుతుంది, దాన్నీ చూసుకుంటుండాలి.

సున్నపు తేట, కార్తెల లెక్క

క్షారతనూ కాల్షియాన్నీ సరైన నిష్పత్తిలో ఒకేసారి ఇచ్చే పాత పద్ధతి ఒకటుంది. సున్నాన్ని నీటిలో కలిపి, అడుగుకు దిగాక పైన మిగిలే సున్నపు తేట. అక్వేరియం ప్రపంచం దీన్ని జర్మన్ పేరుతో కాల్క్‌వాసర్ అంటుంది గానీ, తెలుగిళ్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన నీరే. తాంబూలపు సున్నంలో ఏమేమి కలిసి ఉంటాయో చెప్పలేం కాబట్టి తొట్టెకు శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ వాడాలి. లీటరు నీటిలో కరిగేది గ్రామున్నర పైచిలుకే. అయినా ఆ లీటరులో దాదాపు 40 మిల్లీ ఈక్వివలెంట్ల క్షారత ఉంటుంది. పీహెచ్ 12 దాటుతుంది కనుక చుక్కచుక్కగా, రాత్రిపూట వదలడం పద్ధతి. గాలి తగిలితే పైన పలుచని తెట్టు కడుతుంది. అది తిరిగి కాల్షియం కార్బొనేట్ అయిపోయిన భాగం, తొట్టెకు అందనిది. డబ్బాకు మూత ఉండాలి.

ఆవిరైన నీటికి బదులుగా ఈ తేటను పోయడం ఆనవాయితీ. ఆవిరితో ఉప్పు పోదు, నీరే పోతుంది. దాని స్థానంలో తేట చేరితే లవణీయత, క్షారత రెండూ నిలుస్తాయి. కాగితం మీద ఇది ముచ్చటైన ఏర్పాటు. డెల్టా వాతావరణంలో ఇదే ఎదురుతిరుగుతుంది, ఎందుకంటే క్షారత జమ ఇప్పుడు పగడాల ఆకలిని బట్టి కాక, గాలిలోని తేమను బట్టి నడుస్తుంది.

170 లీటర్ల నీరున్న ఒక తొట్టెను తీసుకుందాం. రోహిణి కార్తెలో, ఫ్యాను గాలికి, రోజుకు మూడు లీటర్లు ఆవిరైతే మూడు లీటర్ల సంతృప్త తేట చేరుతుంది. అది రోజుకు రెండు డిగ్రీల క్షారత. మృగశిర దాటి ముసురు పట్టాక, గాలి తేమతో బరువెక్కినప్పుడు, ఆవిరి లీటరున్నరకు తగ్గితే జమ ఒక డిగ్రీకి పడిపోతుంది. పగడాల ఖర్చు మాత్రం దాదాపు మారదు. ఏప్రిల్‌లో సరిగ్గా కుదిరిన తొట్టె జూలైలో దిగజారడానికి, జూలైలో సర్దిన తొట్టె మరుసటి మే నెలలో మితిమీరడానికి ఇంతకంటే వేరే రహస్యం లేదు. ఏసీ నడిచే గదిలో లెక్క ఇంకో రకం. ఏసీ తేమను పిండేస్తుంది కనుక వానాకాలంలోనూ ఏసీ వేసిన రోజు ఆవిరి పెరుగుతుంది, ఆపిన రోజు తగ్గుతుంది.

దీనికి పరిష్కారం నీటిని కాక సున్నాన్ని తూచడంలో ఉంది. డబ్బా అడుగున సున్నం మిగులు ఉంచితే ఎంత నీరు పోసినా తేట పూర్తి గాఢతకు వస్తుంది. అలా కాకుండా రోజుకు కావలసిన సున్నాన్ని, ఉదాహరణకు రెండు గ్రాముల చిల్లర, తూచి వేస్తే వేసవిలో అది మూడు లీటర్లలో పలచగా, వానాకాలంలో లీటరున్నరలో చిక్కగా కరుగుతుంది. చేరే క్షారత రెండు కాలాల్లోనూ ఒకటే. అంతకుమించి కావలసింది ఉంటే సోడా ద్రావణం నుంచి రావాలి. వాతావరణంతో సంబంధం లేకుండా గడియారం ప్రకారం వదిలే డోసింగ్ పంపు ఈ రెండో భాగానికి తగిన పరికరం.

గోదావరి నీరు, బోరు నీరు, ఆర్వో నీరు

పైన పోసే నీటిలోనే క్షారత దాగి ఉంటే లెక్కంతా తప్పుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీరు బైకార్బొనేట్‌ను మోసుకొస్తుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి దక్కను నల్లరాతి మీదుగా పారిన నీటికి అది సహజ లక్షణం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేశాక ఊరి మంచినీటి చెరువులో నిల్వ ఉన్న నీరు ఆవిరవుతూ మరింత చిక్కబడుతుంది. వరదల్లో ఎర్రనీటికి పటిక వేస్తే, ఆ పటిక కొంత క్షారతను తినేస్తుంది. అంటే ఒకే కుళాయి నీరు మే నెలలో ఒక రకం, ఆగస్టులో మరో రకం. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీటి సంగతి ఇంకా తేడా. అక్కడ ఉప్పు, కాఠిన్యం, క్షారత అన్నీ కలిసే వస్తాయి.

ఇంటి ఆర్వో యంత్రం ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది, పూర్తిగా కాదు. తాగడానికి రుచి కోసం చాలా యంత్రాల్లో కొంత ముడి నీటిని తిరిగి కలిపే ఏర్పాటు, లేదా మినరల్ గొట్టం ఉంటుంది. అలాంటి నీటిలో క్షారత 50 పీపీఎం ఉందనుకుంటే, 200 లీటర్ల తొట్టెకు రోజుకు మూడు లీటర్లు పోసినప్పుడు నెలకు 22 పీపీఎంకు పైగా, అంటే డిగ్రీకి మించి, లెక్కలోకి రాకుండా చేరుతుంది. అదే 400 పీపీఎం ఉన్న బోరు నీరైతే అంత మొత్తం నాలుగు రోజుల్లోనే చేరుతుంది. మినరల్ గొట్టానికి ముందే నీటిని పట్టుకోవడం, చివర్లో మిగిలిన అయాన్లను పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ గొట్టం పెట్టడం మామూలు జాగ్రత్తలు.

అంతర్వేది, ఉప్పాడ తీరాల నుంచి సముద్రపు నీరు తెచ్చి పోయడం చవకే, కానీ నిలకడకు అది తోడ్పడదు. వరద నెలల్లో గోదావరి నీరు తీరం వెంబడి సముద్రాన్ని పలచన చేస్తుంది, ఒండ్రును మోసుకొస్తుంది. గోదావరి ముఖద్వారం దగ్గర పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణాలు కూడా ఇవే. దేశంలో పగడపు దిబ్బలున్నవి లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖల్లో. ప్యాకెట్ ఉప్పుతో కలిపిన నీటిలో ఒక్కటే చూసుకోవాలి. కొన్ని రకాలు 7–8 డిగ్రీలకు, కొన్ని 11–12 డిగ్రీలకు కలుస్తాయి. 8 దగ్గరున్న తొట్టెలో 11 డిగ్రీల నీటితో పదో వంతు మారిస్తే తేడా 0.3 మాత్రమే. మూడో వంతు మారిస్తే ఒక డిగ్రీ గెంతు తప్పదు.

ఏ పగడం, ఎంత ఖర్చు

మెత్తని పగడాలు, పుట్టగొడుగు ఆకారపు పగడాలు ఉన్న తొట్టె క్షారతను కొద్దిగానే వాడుతుంది. వారం వారం నీటి మార్పుతోనే సరిపోవచ్చు. రాతి అస్థిపంజరం కట్టే కొమ్మ పగడాలు నిండిన తొట్టె రోజుకు రెండు డిగ్రీలు కూడా లాగేస్తుంది. ఈ రెండో రకం గురించి డెల్టాలో అక్వేరియం మొదలుపెట్టేవారికి చాలామంది చెప్పని సంగతి ఒకటి ఉంది. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, సముద్రపు విసనకర్రలతో సహా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం పులి చర్మం అమ్మినంత తీవ్రమైన నేరం. విదేశీ రాతి పగడాలకు అంతర్జాతీయ వన్యజీవుల వాణిజ్య ఒప్పందం కింద అనుమతి పత్రాలు ఉండాలి. పత్రం చూపని అమ్మకందారు దగ్గర ధర తక్కువగా ఉండటం ఆశ్చర్యం కాదు.

ఖర్చును తెలుసుకోవడం ఇలా

రెండు రోజులు సోడా, సున్నం అన్నీ ఆపి, ఆపినప్పుడు ఒకసారి, సరిగ్గా రెండు రోజుల తర్వాత అదే వేళకు మరోసారి కొలవాలి. 8.4 నుంచి 7.8కు దిగితే రోజు ఖర్చు 0.3 డిగ్రీ. 200 లీటర్ల నీటికి అది రోజుకు 1.8 గ్రాముల వంటసోడా. తొట్టె మీద రాసిన లీటర్లను నమ్మకూడదు. రాళ్లు, ఇసుక పోను 200 లీటర్ల తొట్టెలో 160–170 లీటర్ల నీరే ఉండవచ్చు. పగడాలు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది కనుక ఈ లెక్క నెలకోసారి తాజా చేయాలి.

కొలతే తప్పయితే మిగతా శ్రమంతా వృథా. చుక్కకు ఒక డిగ్రీ చూపించే కిట్ 0.3 తేడాను పట్టుకోలేదు. సిరంజితో పనిచేసే కిట్లు కావాలి. వేసవిలో గూట్లో పెట్టిన రసాయనాల నాణ్యతను తనిఖీ చేసుకోవడానికి ఇంట్లోనే ప్రమాణ ద్రావణం తయారవుతుంది. శుద్ధమైన వంటసోడా రెండున్నర గ్రాములు లీటరు స్వేదనజలంలో కలిపి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మరింత స్వేదనజలంతో లీటరుకు పెంచాలి. ఆ నీటి క్షారత 8.3 డిగ్రీలు, అంటే 149 పీపీఎం. కిట్ 9.5 చూపిస్తే తప్పు కిట్‌దే. ఈ విషయంలో డెల్టావాసులకు దేశంలో చాలా చోట్ల లేని సౌకర్యం ఉంది. ఊరి ఆక్వా ల్యాబ్ రోజూ చేసేది ఇదే పరీక్ష. అదే ద్రావణాన్ని, దానితోపాటు తొట్టె నీటిని అక్కడా చూపించి, వచ్చిన పీపీఎంను 17.9తో భాగిస్తే పోల్చుకోవడానికి రెండో సాక్ష్యం దొరుకుతుంది. చెరువు నీరని చెప్పకుండా సముద్రపు ఉప్పు నీరని చెప్పి ఇవ్వడం మంచిది. లేకపోతే 140 చూసి సోడా బైకార్బ్ చల్లమని సలహా రాసిచ్చినా రాసిస్తారు.

పడిపోయినప్పుడు, కరెంటు పోయినప్పుడు

క్షారత 6కు దిగిన తొట్టెను 8కి తేవాలంటే రోజుకు అర డిగ్రీ చొప్పున నాలుగు రోజులు పడుతుంది. రోజువారీ ఖర్చు దీనికి అదనం, దాన్ని కలపడం మరిచిపోతే నాలుగో రోజుకు అంకె ఎందుకు రాలేదన్న ప్రశ్న మిగులుతుంది. 11కు ఎక్కినదాన్ని దింపడానికి ఆమ్లం పోయనక్కర్లేదు. మోతాదు ఆపితే పగడాలే దింపుతాయి. కావలసిన చోటికి రాగానే సగం మోతాదుతో తిరిగి మొదలుపెట్టాలి.

తుపాను రోజుల్లో గంటల తరబడి కరెంటు లేనప్పుడు ఇన్వర్టర్ మీద ఏది ఉంచాలన్నది పైకి కనిపించినంత చిన్న విషయం కాదు. డోసింగ్ పంపు తక్కువ విద్యుత్తు తీసుకుంటుందని దాన్ని ఇన్వర్టర్‌కు తగిలించి, నీటిని తిప్పే పంపును వదిలేస్తే సోడా ద్రావణం కదలని నీటిలో ఒకేచోట పడుతుంది. అక్కడ తెల్లగా ముద్దకడుతుంది, లేదా పంపు తిరిగి నడవగానే గాఢంగా పగడాల మీదకు వస్తుంది. ఈ రెండు పంపులూ ఒకే ప్లగ్గు మీద ఉండాలి, ఆగితే రెండూ ఆగాలి. చీకటిలో, ప్రవాహం లేకుండా పగడాలు అస్థిపంజరం కట్టడం ఎలాగూ బాగా తగ్గిస్తాయి కాబట్టి ఒక పూట సోడా అందకపోతే నష్టమేమీ లేదు. కరెంటు వచ్చాక మీటరు పీహెచ్ 7.7 అని చూపిస్తుంది. అది రాత్రంతా పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. ముందు పంపును, గాలిని నాలుగు గంటలు నడవనిచ్చి, క్షారత కొలిచాకే సోడా డబ్బా మూత తీయాలి.